మందుల పుస్తకంలో ఆఖరి గడి

మా ఫ్రిజ్ పక్కన మేకుకి ఒక పొడుగాటి నోటుపుస్తకం దారంతో వేలాడుతూ ఉంటుంది. మా అత్తగారి మందుల పుస్తకం అది. పక్షవాతం వచ్చి ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ మంచం కాళ్ళవైపు నర్సులు తగిలించిన చార్టు చూసీ చూసీ, ఇంటికి తెచ్చుకున్నాక అలాంటిదే నేనూ ఒకటి గీశాను. ఏళ్ళ తరబడి పిల్లలకి లెక్కలు చెప్పినదాన్ని, గళ్ళు గియ్యడం నాకు బాగా వచ్చిన విద్య. టైము, బీపీ, షుగరు, మందు, ఆహారం, యూరిన్, పక్క మార్చిన టైము. అన్నీ గీశాక కుడి చివర రెండంగుళాల చోటు మిగిలింది. ఏం పేరు పెట్టాలో తోచక 'గమనిక' అని రాసి వదిలేశాను.

చాలా రోజులు ఆ గడి ఖాళీగానే ఉంది. ఇప్పుడు పాత పుస్తకాలు తీసి నేను మళ్ళీ చదువుకునేది ఆ గడినే.

మాది కాకినాడ, రామారావుపేట. మావారికి ఎరువుల ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. అత్తయ్యకి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాక నేను స్కూలు మానేసి, సాయంత్రాలు ఇంట్లోనే ట్యూషన్లు చెబుతున్నాను. మొదట్లో ఆవిడకి ముక్కులోంచి గొట్టం ఉండేది. రెండు గంటలకోసారి అందులో జావ పొయ్యాలి, పోశాక అరగంట తల ఎత్తుగా ఉంచాలి. వీపు మీద పుళ్ళు పడకుండా రెండు గంటలకోసారి పక్క మార్చాలి. రాత్రిళ్ళు కూడా అంతే. ఇలాంటి ఇంట్లో 'సెల్ఫ్ కేర్' అనే మాట వింటే ముందు నవ్వొస్తుంది. స్నానం చేస్తుండగా బయటినుంచి ఎవరూ పిలవకపోతే ఆ రోజుకి అదే గొప్ప.

మా అమ్మాయి పుణెలో ఉద్యోగం చేస్తోంది. ఫోన్లో నా గొంతు విని దానికి బెంగ. ఆన్‌లైన్‌లో ఒక గ్రాటిట్యూడ్ జర్నల్ కొని పంపింది. గట్టి అట్ట, దాని మీద బంగారు అక్షరాలు, ప్రతి పేజీ పైనా ఈరోజు మీరు దేనికి కృతజ్ఞులు అని ఇంగ్లీషులో ఒక ప్రశ్న, కింద మూడు గీతలు, మూలన ఒక పువ్వు. "పడుకునే ముందు మూడంటే మూడు రాయమ్మా, నీకు బావుంటుంది" అంది. పిల్ల ప్రేమగా పంపింది కదా అని కొన్నాళ్ళు రాశాను. ఆరోగ్యం, కుటుంబం, ఇల్లు. మర్నాడు ఇల్లు, ఆరోగ్యం, కుటుంబం. వరస మారేది తప్ప సరుకు మారేది కాదు.

అది పెద్ద ఇబ్బంది కాదు. అసలు చిరాకు వేరే ఉంది. ఆ రోజుల్లో పరామర్శకి వచ్చే బంధువులందరిదీ ఒకటే పాట. బత్తాయిల సంచి టీపాయ్ మీద పెట్టి, "అత్తగారికి సేవ చేసుకునే భాగ్యం అందరికీ దొరకదమ్మా" అనేవారు. భాగ్యమే అయితే వారానికో రోజు మీరూ వచ్చి పంచుకోండి అని నోటిదాకా వచ్చేది. అనేదాన్ని కాదు, కాఫీ కలిపేదాన్ని. ఇంకొందరు "నయం, మాట పడిపోలేదు, మా తోడికోడలి నాన్నగారికైతే..." అని మొదలుపెట్టి, ఎక్కడో ఎవరో ఇంతకన్నా ఘోరంగా ఉన్నారు కాబట్టి నువ్వు సంతోషించు అని తేల్చి వెళ్ళేవారు. ఆ పువ్వుల పుస్తకం రాత్రి పదకొండింటికి తెరిస్తే నాకు వాళ్ళందరూ మళ్ళీ వచ్చి కూర్చున్నట్టు ఉండేది. నీకేం తక్కువ, అదృష్టవంతురాలివి, ఒప్పుకో అని. మనదేశంలో ఆడవాళ్ళకి ఇలాంటి కృతజ్ఞత నేర్పడానికి మనుషులే బోలెడుమంది ఉన్నారు, మళ్ళీ పుస్తకం కూడా దేనికి?

దాన్ని బీరువాలో పెట్టేశాను.

తర్వాత రోహిణి కార్తెలో ఒక రాత్రి కరెంటు పోయింది. అత్తయ్య పడుకునేది గాలిపరుపు మీద. చిన్న పంపు ఒకటి ఆడుతూ దాని గదుల్లో ఒకదాని తర్వాత ఒకదాంట్లో గాలి నింపుతూ తీస్తూ ఉంటుంది, ఒకే చోట ఒత్తిడి పడకుండా. పంపు ఆగితే పరుపు నెమ్మదిగా చప్పబడిపోతుంది. నేను కంగారుగా లేచి చూద్దును కదా, పంపు ఆడుతోంది. అంతకు ముందు వారం ఫ్యాను బాగుచెయ్యడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ గుర్తొచ్చాడు. వెళ్తూ వెళ్తూ పంపు ప్లగ్గు చూసి, "ఇది ఇన్వర్టర్ లైనులో ఉండాలి కదండీ" అని మార్చేసి వెళ్ళాడు. మేము అడగలేదు, దానికి విడిగా డబ్బులూ తీసుకోలేదు. పక్క మార్చిన టైము రాయడానికి పుస్తకం తీసినప్పుడు చేతిలో పెన్ను ఉంది కాబట్టి గమనిక గడిలో రాశాను. 'కరెంటు పోయినా పరుపు ఆగలేదు. ఎలక్ట్రీషియన్ చలవ.'

అలా మొదలైంది. కృతజ్ఞత రాసుకుందాం అని కూర్చుని రాసింది కాదు. నర్సు డ్యూటీ మారేటప్పుడు తర్వాతి నర్సు కోసం రాసిపెట్టే మాటలాగే రాశాను. ఆ తర్వాత అప్పుడప్పుడూ పడ్డ మాటలు కొన్ని పుస్తకంలోంచే ఇక్కడ ఎత్తి రాస్తున్నాను.

'మెడికల్ షాపు కుర్రాడు మొత్తం షీటు అంటగట్టకుండా ఆరు మాత్రలు కత్తిరించి ఇచ్చాడు. సోమవారం డాక్టరు మందు మార్చినా మార్చొచ్చు అన్నాడు.'

'ట్యూషన్ పిల్లల్లో ఏడో తరగతివాడు గేటు దగ్గరే చెప్పులు విప్పి చేత్తో పట్టుకొచ్చాడు. మామ్మగారు పడుకున్నారు అని మిగతావాళ్ళకి సైగ చేశాడు. లెక్కల్లో మాత్రం పన్నెండే వచ్చాయి.'

'సముద్రపు గాలి ఇవాళ త్వరగా మళ్ళింది. నాలుగింటికే కిటికీలు తీశాను.'

'ఇవాళ ఏమీ లేదు.'

'ఎదురింటి పిన్నిగారు పులిహోర అరిటాకులో కట్టి పంపారు.'

ఆ చివరిదాని గురించి కాస్త చెప్పాలి. మన ఇళ్ళల్లో ఎవరైనా గిన్నెతో ఏదైనా పంపితే ఆ గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వం. ఏమీ లేకపోతే గుప్పెడు పంచదారైనా వేసి ఇస్తాం. అత్తయ్య మంచాన పడ్డాక నా వంటింట్లో ఊళ్ళోవాళ్ళ స్టీలు గిన్నెలు వరసగా పేరుకుపోయాయి. వాటిని చూసినప్పుడల్లా వీళ్ళకి తిరిగి ఏం వండి పంపాలి, ఎప్పుడు వండాలి అని టెన్షన్. పిన్నిగారు ఆ సంగతి గ్రహించినట్టున్నారు. అప్పటినుంచి ఆవిడ ఏది పంపినా ఆకులోనే, పైన పేపరు చుట్టి. తిరిగి ఇవ్వడానికి గిన్నె అంటూ ఉండదు. పులిహోర ఎవరైనా పంపుతారు. ఎదుటివాళ్ళకి అప్పు మిగలకుండా పంపడం ఎంతమందికి తడుతుంది? పువ్వుల పుస్తకంలో అయితే ఇదంతా 'మంచి ఇరుగుపొరుగు' అనే రెండు ముక్కల్లో పోయేది.

ఇంతలో అత్తయ్యకి గొట్టం తీసేశారు. అన్నం మెత్తగా కలిపి కంచంలో పెట్టడం మొదలుపెట్టాక ఒక వింత చూశాను. కంచంలో కుడిసగం శుభ్రంగా తినేసి, ఎడమసగం అసలు ముట్టుకునేవారు కాదు. "కూర వెయ్యలేదేమే" అని నా మీద కోపం. కూర అక్కడే ఉంది, ఎడమవైపు. కంచం తిప్పి పెడితే "ఇప్పుడు వేశావా" అని తినేవారు. కళ్ళజోడు మార్చాలేమో అనుకున్నాం. ఫిజియోథెరపీకి వచ్చే అబ్బాయి చెప్పాడు, అది కంటి లోపం కాదని. మెదడులో కుడిభాగం దెబ్బతిన్నవాళ్ళలో కొందరికి ఎడమవైపు ఒకటుందన్న ధ్యాసే పోతుందిట. కంటికి కనబడుతూనే ఉంటుంది, మనసు పట్టించుకోదు. ఒకరోజు ఆవిడ తన ఎడమచేతినే చూసి "ఇదెవరిదే ఇక్కడ పెట్టారు" అని అడిగారు. నాకు ఒళ్ళు జలదరించింది. మావారు గదిలోంచి బయటికి వెళ్ళిపోయారు.

మాత్రలతో పోయేది కాదుట, అలవాటు చేయించాలిట. కంచానికి ఎడమ అంచున ఎర్ర గీత పెట్టమన్నాడు. కరెంటు వైర్లకి చుట్టే ఎర్ర టేపు తెచ్చి అతికించాను. ముద్ద ముద్దకీ "అత్తయ్యా, ఎర్ర గీత ఎక్కడుంది?" అని అడగాలి. ఆవిడ తల ఎడమవైపు తిప్పి గీత వెతుక్కుని, అక్కడినుంచి కుడికి చూసుకుంటూ రావాలి. మేము కూడా మంచానికి ఎడమవైపే కూర్చుని మాట్లాడాలి. మొదట్లో గీత దొరకడానికే ఎంతసేపో పట్టేది. విసుక్కునేవారు. "నాకంతా కనబడుతూనే ఉంది, మీకే పిచ్చి" అనేవారు. అందులోనే ఉంది దాని గమ్మత్తు. సగం కనబడనివాళ్ళకి సగం కనబడటం లేదన్న సంగతి కూడా తెలియదు.

నెలలు పట్టింది ఆవిడకి. ఎదురుగా కూర్చుని అదే ప్రశ్న అడుగుతూ అడుగుతూ ఉండగా, నేను పుస్తకం చివర చేస్తున్న పని కూడా అలాంటిదే అని తట్టింది. ఎలక్ట్రీషియన్, అరిటాకు, చెప్పులు చేత్తో పట్టుకున్న పిల్లాడు, అన్నీ నా కంచంలో ఉన్నవే. తల అటు తిరగడం లేదు, అంతే. గడి ఉంది కాబట్టి తిరుగుతోంది. కుడివైపు ఉన్నది కూడా నిజంగానే ఉంది, అది తినక తప్పదు. ఎర్ర గీత పెట్టమన్న అబ్బాయి కుడివైపు అన్నం లేదనుకోమని చెప్పలేదు. భాగ్యం పాట పాడిన బంధువులకీ ఈ గడికీ నేను చూసే తేడా ఇదే.

ఇదంతా నా ఊహేనా, ఎవరైనా సరిగ్గా లెక్కకట్టి చూశారా అని తర్వాత వెతికాను. చూశారు. రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెకలా అనే ఇద్దరు అమెరికన్ సైకాలజిస్టులు 2003లో ఒక పరిశోధన ప్రచురించారు. కాలేజీ విద్యార్థుల్ని మూడు గుంపులు చేసి, వారానికోసారి ఒక గుంపుని కృతజ్ఞత కలిగించినవి, ఇంకో గుంపుని చికాకు పెట్టినవి, మూడోదాన్ని ఊరికే జరిగిన సంగతులు ఐదు దాకా రాయమన్నారు. కొన్ని వారాల తర్వాత మొదటి గుంపువాళ్ళు తమ జీవితం గురించి మిగతావాళ్ళకన్నా సంతృప్తిగా ఉన్నారు, ఒంట్లో బాగాలేదని చెప్పడం తగ్గింది, వ్యాయామం కూడా ఎక్కువ చేశారు. నాకు ఎక్కువ ఆసక్తి కలిగించింది అందులోనే ఉన్న ఇంకో భాగం. నరాలు, కండరాల జబ్బులున్న పెద్దవాళ్ళ చేత 21 రోజులు రోజూ రాయించారు. వాళ్ళకి నిద్ర మెరుగుపడింది. మనిషిలో మార్పు వచ్చిందని వాళ్ళ దగ్గరివాళ్ళు కూడా చెప్పారు. రాసినవాళ్ళు తమ గురించి తాము చెప్పుకున్నదానికన్నా ఇంట్లోవాళ్ళ సాక్ష్యాన్ని నేను ఎక్కువ నమ్ముతాను.

మార్టిన్ సెలిగ్మన్ అనే సైకాలజిస్టు బృందం 2005లో ప్రచురించిన పరీక్ష ఇంకా సులువు. వారం రోజులు, రోజూ రాత్రి, ఆ రోజు బాగా జరిగిన మూడు విషయాలు రాయాలి, ఒక్కోటీ ఎందుకు జరిగిందో కూడా రాయాలి. దాని ప్రభావం ఆరు నెలల తర్వాత కూడా కనబడింది. నా మటుకు నాకు అసలు కిటుకు ఆ 'ఎందుకు'లోనే ఉందనిపిస్తుంది. పరుపు ఆగలేదు అని రాస్తే అది అదృష్టం. ఎందుకు ఆగలేదు అని రాస్తే అందులో ఒక మనిషి బయటపడతాడు.

రోజూ రాయాలా అంటే, అక్కర్లేదనే అంటాను. సోనియా లుబోమిర్‌స్కీ అనే పరిశోధకురాలు ఆరు వారాలపాటు కొందరి చేత వారానికోసారి, ఇంకొందరి చేత వారానికి మూడుసార్లు రాయించి చూస్తే, లాభపడింది వారానికోసారి రాసినవాళ్ళే. రోజూ తోమితే కృతజ్ఞత కూడా పళ్ళు తోముకోవడంలాగే అయిపోతుందేమో. నేను తోచినరోజు రాస్తాను, తోచనిరోజు 'ఇవాళ ఏమీ లేదు' అని రాస్తాను. అలా రాసే హక్కు ఉండటం నాకు ముఖ్యం.

అయితే దీన్ని సర్వరోగ నివారిణిలా అమ్మేవాళ్ళని నమ్మకండి. 27 అధ్యయనాల్ని కలిపి చూసిన ఒక సమీక్ష 2020లో వచ్చింది. డిప్రెషన్, యాంగ్జైటీ లక్షణాల మీద కృతజ్ఞత సాధనల ప్రభావం చిన్నదేనని అందులో తేలింది. ఇది నేను అనుభవంతో కూడా చెప్పగలను. నాకు ఒక దశలో, పక్క మార్చడానికి పెట్టుకున్న అలారం లేకపోయినా నిద్ర పట్టేది కాదు. పొద్దున్నే ఏడుపు వచ్చేది, కారణం ఉండేది కాదు. అప్పుడు గమనిక గడి ఏం చేస్తుంది? టెలిమానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన హెల్ప్‌లైన్ ఉంది. నంబరు 14416. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. చేశాను. తర్వాత డాక్టరు దగ్గరికీ వెళ్ళాను. మంచాన ఉన్నవాళ్ళని చూసుకునేవాళ్ళు ఈ నంబరు ఫోన్లో దాచుకోండి, మొహమాటపడకండి.

ఇంకోటి. ఆ గడిలో నేను ఫిర్యాదులు కూడా రాస్తాను. 'ఆడపడుచు వీడియో కాల్‌లో, వదినా, అమ్మ చిక్కిపోయింది అంది. ఫోన్లోంచి చెయ్యి పెట్టి తినిపించమను.' 'మావారు పేపరు చదువుతూ, అమ్మ పిలుస్తోంది అన్నారు. నాకూ చెవులున్నాయి.' చికాకులే రాసిన గుంపు వెనకబడిందని పైన చెప్పిన పరిశోధనలోనే ఉంది కదా అంటారేమో. ఉంది. కానీ వాళ్ళు చికాకులు మాత్రమే రాశారు. జేమ్స్ పెన్నెబేకర్ అనే ఇంకో సైకాలజిస్టు 1980లలోనే విద్యార్థుల చేత వాళ్ళ మనసుని బాగా కష్టపెట్టిన సంగతులు వరసగా నాలుగు రోజులు, రోజుకి పావుగంట చొప్పున రాయించాడు. రాసిన వెంటనే దిగులు పెరిగినా, తర్వాతి నెలల్లో వాళ్ళు కాలేజీ ఆస్పత్రికి వెళ్ళడం తగ్గింది. నాకైతే కోపం రాసేశాకే రెండోవైపు కనబడుతుంది. కోపం మింగి రాసిన థాంక్స్ నా చేతిరాతలోనే తెలిసిపోతుంది, అక్షరాలు మరీ గుండ్రంగా ఉంటాయి.

రాయడం ఒక ఎత్తు, నోటితో చెప్పడం ఇంకో ఎత్తు. ఒకసారి మావారు నైట్ షిఫ్టు నుంచి వచ్చి, పడుకోకుండా వాళ్ళమ్మకి ఒళ్ళు తుడిచి, బట్టలు మార్చి, తల దువ్వారు. "థాంక్సండీ" అన్నాను. "దేనికి?" అన్నారు. ఆగి, నా నుదురు పట్టుకుని చూశారు, జ్వరమేమోనని. తర్వాత కాఫీ తాగుతూ, "మా అమ్మకి నేను చేస్తే నువ్వు థాంక్స్ చెప్పడమేంటి?" అన్నారు. మామూలుగా అన్న మాటే. నాకు మాత్రం రోజంతా బుర్రలో తిరిగింది. నిజమే కదా. ఆ పని నాది, ఆయన సాయం చేశారు అని నేనే లెక్క వేసేసుకుని ఉంటేనే ఆ థాంక్స్ వస్తుంది. అప్పటినుంచి ఆ మాట వాడేముందు ఎవరి పని ఎవరు చేశారు అని ఒకసారి చూసుకుంటున్నాను.

మా పుట్టిల్లు కోనసీమ. మాకు కృతజ్ఞత చెప్పడం రాదని ఎవరూ అనలేరు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. ఇప్పటికీ గోదావరి జిల్లాల్లో ఊళ్ళల్లో కాటన్ దొర విగ్రహాలుంటాయి, పూలదండలు పడతాయి. గోదావరి స్నానం చేయించేటప్పుడు ఆయన్ని తలుచుకుంటూ శ్లోకం చదివే పురోహితులున్నారు. కనుమనాడు పశువుల్ని, దసరాకి పనిముట్లని పూజిస్తాం. విస్తరి ముందునుంచి లేస్తూ అన్నదాతా సుఖీభవ అంటాం. లంకల గన్నవరంలో వేళ కాని వేళ తలుపు తట్టినవాళ్ళకి కూడా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మగారి కథలు మా అమ్మమ్మ చెబుతుంటే విన్నాం. 2024లో మన రాష్ట్రంలో బడి పిల్లల మధ్యాహ్న భోజన పథకానికి ఆవిడ పేరు పెట్టారు, సంతోషం. కానీ ఆ కథలు విన్నప్పుడల్లా నాకో సందేహం. అంతమందికి వంట అంటే ఆ ఇంట్లో పప్పు రుబ్బినవాళ్ళు, నీళ్ళు తోడినవాళ్ళు, గిన్నెలు తోమినవాళ్ళు ఉండే ఉంటారు కదా. వాళ్ళ పేర్లు ఏ కథలోనూ రావు.

అత్తయ్య ఇప్పుడు చాలావరకు తేరుకున్నారు. సాయంత్రం నేను పుస్తకం తీస్తే "నాదీ రాయి" అంటారు. ఆవిడ చెప్పేవన్నీ తిండి చుట్టూ తిరుగుతాయి. 'చారులో ఇంగువ పడింది.' 'అరటికాయ మెత్తగా ఉడికింది, నిన్నటిలా కాకుండా.' ఆ రెండో సగం రాయకపోతే ఊరుకోరు. రాశాక చదివి వినిపించమంటారు. మాట మార్చి రాస్తానని అనుమానం. ఒకసారి "ఎడమ కాలు ఇవాళ నాదే అనిపించింది" అన్నారు. అది బీపీ గడి పక్కన పెద్ద అక్షరాలతో రాసి, ఫిజియోథెరపీ అబ్బాయికి చూపించాను.

పుస్తకం అయిపోయి కొత్తది గీసేటప్పుడు పాతది మొదటినుంచి చదివాను. గమనిక గడిలో పేజీకి రెండు మూడుసార్లు కనబడే మాట ఒకటి ఉంది. ఆయమ్మ. ఏటిమొగ నుంచి ఆటోలో వచ్చి పొద్దున్నుంచి రాత్రిదాకా ఉండే మనిషి. 'ఆయమ్మ గోళ్ళు తీసింది.' 'విరోచనం అయిన సంగతి మాకన్నా ముందు ఆయమ్మే పసిగట్టింది.' 'వర్షంలో తడిసి వచ్చింది, అయినా మానలేదు.' 'అత్తయ్య కొట్టబోతే నవ్వి, కొట్టండమ్మగారు, చెయ్యి కదులుతోంది కదా అంది.' ఇవన్నీ రాసి నేను హాయిగా పడుకున్నాను. ఆవిడకి చదవడం రాదు. చదివినా ఆ మాటలు ఆవిడకి ఏం పెడతాయి? పరిశోధకులు కొలిచింది రాసేవాళ్ళ సంతోషాన్ని. వర్షంలో తడిసి వచ్చినావిడ సంతోషం ఆ లెక్కలో లేదు. ఆవిడకి వారంలో ఒక్క రోజు కూడా సెలవు లేదు. మానితే ఆ రోజు కూలి కోత. ఇదంతా నా గళ్ళల్లోనే, నా చేతిరాతలోనే ఉంది.

మావారితో కూర్చుని లెక్క వేశాం. నెలకి రెండు వేలు పెంచుదాం, ఆదివారం జీతం కొయ్యకుండా సెలవు ఇద్దాం అనుకున్నాం. రెండు వేలకి మావారు వెంటనే ఒప్పుకున్నారు. ఆదివారం అనేసరికి చాలాసేపు ఆలోచించారు, ఎందుకంటే ఆ రోజు ఎవరు చేస్తారన్నది ఆయనకి అర్థమైంది. ఆయమ్మకి చెబితే మొహం చిన్నబుచ్చుకుంది. "ఆదివారం రావద్దంటే... ఇంకెవర్నైనా చూసుకున్నారా అమ్మగారూ?" అంది. లేదు, జీతం కొయ్యం, నువ్వు ఇంట్లో ఉండు అని రెండు మూడుసార్లు చెప్పాల్సొచ్చింది. మొదటి ఆదివారం అయినా వచ్చేసింది. గుమ్మంలోంచే పంపించాం.

ఇప్పుడు ఆదివారం పేజీలు మావారి చేతిరాతలో ఉంటాయి, గమనిక గడితో సహా. 'పక్క మార్చడానికి ఇద్దరు కావాలి.' 'డైపరు జారింది, మూడు దుప్పట్లు ఉతికాను.' 'అమ్మ నా చేతి అన్నం బాగాలేదంది.' మొన్నటి ఆదివారం ఇలా రాశారు: 'ఎంత సర్దినా కాలు పక్కకి జారిపోతోంది. ఆయమ్మకి ఫోన్ చేసి అడిగాను. ముందు మోకాలి కింద దిండు పెట్టాలిట. సెలవురోజు అయినా విసుక్కోకుండా చెప్పింది.'

దాని కింద నేను ఎర్ర పెన్నుతో రాశాను: సెలవురోజు ఫోన్ చెయ్యకూడదు.